పంట తెగుళ్లకు సుగంధ తైలాలు: ఎక్కడ వాడాలి, ఏది ఎంచుకోవాలి, ఎప్పుడు వద్దనుకోవాలి

వాము, లవంగం, నిమ్మగడ్డి, దాల్చినచెక్క వంటి వాటి నుంచి తీసిన సుగంధ తైలాలతో పంట తెగుళ్లను అదుపు చేయవచ్చన్న మాట కొన్నేళ్లుగా రైతుల మధ్యా, మిద్దెతోటలు పెంచేవారి మధ్యా బాగా వినిపిస్తోంది. ఆ మాటలో నిజం ఉంది. ప్రయోగశాలలో గాజుపళ్లెంలో పెంచిన శిలీంధ్రం పక్కన ఒక చుక్క వాము నూనె వేసి మూత పెడితే, నూనె తగలకపోయినా దాని ఆవిరికే శిలీంధ్రం ఎదుగుదల ఆగిపోవడం పరిశోధకులు ఎన్నోసార్లు చూశారు. అయితే మూత పెట్టిన పళ్లెంలో వచ్చిన ఫలితం గాలీ ఎండా ఉన్న చేలో రాదు. ఈ తేడాను పట్టించుకోకుండా నూనె కొన్నవారు డబ్బూ, అదనూ రెండూ పోగొట్టుకుంటున్నారు. అందుకే నా అభిప్రాయాన్ని ముందే చెబుతున్నాను. ఏ నూనె మంచిదన్న ప్రశ్న తర్వాతది; దానిని ఎక్కడ వాడబోతున్నామన్నది ముందుగా తేలాలి. విత్తనం, నారు ట్రే, విత్తన నిల్వ వంటి మూసి ఉంచగల చోట్ల ఇవి అక్కరకు వస్తాయి. ఆరుబయట ఎకరాల కొద్దీ ఉన్న పైరు మీద పెట్టిన ఖర్చుకు తగిన రక్షణ ఇవ్వడం అరుదు.

సుగంధ తైలమంటే ఏమిటి, వేప నూనెకూ దీనికీ తేడా ఏమిటి

చాలామంది వేప నూనెను కూడా ఈ కోవలోనే లెక్కిస్తారు. వేప నూనె గింజను నొక్కి తీసినది; అది ఆవిరి కాదు, ఆకు మీద పలుచని జిడ్డు పొరగా నిలుస్తుంది. సుగంధ తైలాన్ని మొక్క భాగాల గుండా నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి నుంచి వేరుచేసి తీస్తారు. తెల్ల కాగితం మీద రెండింటినీ ఒక్కొక్క చుక్క వేసి మర్నాటి దాకా ఉంచితే వేప నూనె మరక అలాగే ఉంటుంది, సుగంధ తైలం చుక్క దాదాపు ఆనవాలు లేకుండా పోతుంది. కాగితం మీద నుంచి పోయినట్లే ఆకు మీద నుంచి కూడా పోతుంది. వేసవి మధ్యాహ్నం పిచికారీ చేస్తే గంటల్లోనే చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. మిగిలినది ఎండకు, గాలిలోని ఆక్సిజన్‌కు విరిగిపోతుంది.

ఇంట్లో వాము గింజలు మరిగించి చేసే కషాయం కూడా వాము నూనె కాదు. నూనెలోని ముఖ్య పదార్థం నీటిలో కరిగేది బహు స్వల్పం కాబట్టి, మూత లేని గిన్నెలో మరిగిస్తే అది ఆవిరితో పాటు పైకి పోతుంది. కషాయం వాడి ఫలితం రాలేదని నూనెను తప్పుపట్టడం, నూనె మీద జరిగిన పరిశోధనను చూపించి కషాయాన్ని మెచ్చుకోవడం, రెండూ సరికావు.

ఇవి పనిచేసే తీరు తెలిస్తే ఎంపిక సగం సులువవుతుంది. ఈ నూనెల్లోని థైమాల్, యూజినాల్, సిట్రాల్ వంటి పదార్థాలు కొవ్వును ఇష్టపడేవి. అందువల్ల అవి శిలీంధ్రం లేదా బ్యాక్టీరియా కణపు పొరలోకి చొరబడి దానిని చిల్లులు పరుస్తాయి. లోపలి ద్రవం బయటకు కారి కణం చస్తుంది. ఒకే ప్రొటీనును గురిచూసి కొట్టే కార్బెండజిమ్ వంటి మందులకు శిలీంధ్రాలు త్వరగా అలవాటు పడతాయి కానీ, ఇలా పొరనే దెబ్బతీసే పదార్థాలకు అలవాటు పడటం కష్టం. ఇది ఈ నూనెలకున్న నిజమైన బలం. బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఆకు కణానికీ అలాంటి పొరే ఉంటుంది. మోతాదు కాస్త ఎక్కువైతే తెగులుతో పాటు ఆకూ మాడుతుంది. అమెరికాలో సేంద్రియ రైతులు లవంగ నూనెను చిక్కగా కలిపి కలుపు మొక్కలను మాడ్చడానికి వాడుతున్నారంటే ఈ పదును ఎంతటిదో గ్రహించవచ్చు. పైగా ఈ నూనెలు మొక్కలోకి ఇంకి లోపల ప్రవహించవు. ఆకు లోపలికి చేరిపోయిన తెగులును ఇవి నయం చేయలేవు; పైన మొలకెత్తుతున్న శిలీంధ్ర బీజాన్ని మాత్రమే ఆపగలవు.

వైరస్ తెగుళ్ల విషయంలో వీటి మీద ఆశ పెట్టుకోవద్దు. మిరపలో ఆకుముడత, బెండలో పల్లాకు, బొప్పాయిలో ఉంగరపు మచ్చ తెగులు వచ్చిన మొక్కను ఏ సుగంధ తైలమూ బాగుచేయదు.

విత్తనశుద్ధి: నూనెకు తగిన చోటు

వేరుశనగను ఉదాహరణగా తీసుకుందాం. మొలక వచ్చిన మొదటి వారాల్లో మొక్క మొదలు నల్లబడి, పీకితే సులువుగా ఊడివచ్చి, ఆ చోట నల్లని బీజాల పొడి కనిపించే మొదలుకుళ్లు తెగులుకు ఆస్పర్జిల్లస్ నైజర్ అనే శిలీంధ్రం కారణం. ఇది విత్తనంతోనూ, నేల ద్వారానూ వస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థలో లవంగ నూనె, దాల్చినచెక్క నూనె, సిట్రాల్ వంటి పదార్థాలను పలు పంట తెగుళ్ల శిలీంధ్రాల మీద పరీక్షించి, వేరుశనగలో ఈ మొదలుకుళ్లు మీదా, ఆకుమచ్చ తెగులు మీదా వాటి ప్రభావాన్ని చూసిన పరిశోధన 2007లో ప్రచురితమైంది. విత్తనానికి పట్టించినప్పుడు మొదలుకుళ్లు తగ్గింది. లవంగ నూనె 1 శాతం ద్రావణం గ్రీన్‌హౌస్‌లో ఆకుమచ్చ తీవ్రతను కూడా తగ్గించింది. కానీ ఇక్కడొక సంగతి గమనించాలి. ఆకు మీద నూనె చల్లిన కాసేపటికే శిలీంధ్ర బీజాలను చల్లారు. అంటే శత్రువు వచ్చే ఘడియ ముందే తెలిసిన పరిస్థితి అది. చేలో ఆ ఘడియ ఎవరికీ తెలియదు. విత్తనం విషయంలో మాత్రం తెగులు బీజం విత్తనం పొట్టు మీదే ఉంటుంది, నూనెనూ అక్కడే పట్టిస్తాం, పైన మూత పెట్టి ఆవిరి పోకుండా కొన్ని గంటలు ఆపగలం. అందుకే విత్తనశుద్ధిలో ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది.

ఇప్పుడు పోలిక చూద్దాం. వేరుశనగకు కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ లేదా 1 గ్రాము టెబుకొనజోల్ పొడి పట్టించడం చౌక, సులభం, ఫలితం ఖాయం. రసాయనం వద్దనుకునే రైతుకు కిలోకు 8 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రం ఉంది; అది నేలలో వేరు వెంట పెరుగుతూ నూనె ఇవ్వలేని రక్షణను వారాల తరబడి ఇస్తుంది. కాబట్టి రసాయనం వాడే రైతుకు సుగంధ తైలం అవసరం లేదు. సేంద్రియ రైతుకు కూడా నా మొదటి సలహా ట్రైకోడెర్మాయే. విత్తనం మీద బూజు కళ్లకు కనిపిస్తున్నప్పుడు, సొంత విత్తనం తప్ప వేరే దారి లేనప్పుడు, విత్తనాన్ని ముందుగా నూనెతో శుభ్రం చేసుకోవడం మేలు. అప్పుడైనా నూనెనూ ట్రైకోడెర్మానూ ఒకేరోజు ఒకే విత్తనానికి పట్టించకూడదు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. తెగులును చంపే నూనె దానినీ చంపుతుంది. విత్తనానికి నూనె వాడితే ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో వృద్ధి చేసి నేలకు వేసుకోవడం సరైన పద్ధతి. రెండు కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ ఉండేలా నీడలో వారం పది రోజులు మగ్గపెడితే ఎకరానికి సరిపోతుంది.

విత్తనానికి నూనె పట్టించే ముందు మొలక పరీక్ష తప్పనిసరి. లవంగ నూనె, పుదీనా నూనెల ఆవిరిని విదేశాల్లో నిల్వ బంగాళాదుంపలు మొలకెత్తకుండా ఆపడానికి వాడుతున్నారు. మొలకను ఆపగల పదార్థాన్ని మొలకెత్తాల్సిన గింజకు పూస్తున్నామన్న స్పృహ ఉండాలి. కిలో విత్తనానికి అర మిల్లీలీటరుతో మొదలుపెట్టి, ఒక మిల్లీలీటరు దాటకుండా, ఆ నూనెను చెంచాల కొద్దీ నీటిలో ఎమల్షన్‌గా (నూనె విడిపోకుండా పాలలా) కలిపి పట్టించి నీడలో ఆరనివ్వాలి. ఆ విత్తనంలో నూరు గింజలు, నూనె తగలని విత్తనంలో నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టా మీద వేరువేరుగా పరిచి, చుట్టి, వారం తర్వాత మొలకలు లెక్కించాలి. నూనె పట్టిన వాటిలో మొలక గమనించదగినంత తగ్గితే మోతాదు సగానికి దించాలి, లేదా ఆ ఆలోచన మానుకోవాలి. బంగాళాదుంప విత్తన దుంపలకు మాత్రం ఏ మోతాదులోనూ వద్దు.

నారు, నేల

మిరప, టమాట, వంగ నారు పెంచేటప్పుడు వచ్చే నారుకుళ్లుకు ఎక్కువ తడి, ఒత్తుగా పోసిన విత్తనం ముఖ్య కారణాలు. ట్రేలలో శుభ్రమైన కొబ్బరిపొట్టు వాడి, నీరు నిలవకుండా చూసుకుంటే సగం సమస్య పోతుంది. తెగులు కనిపించాక లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో మొదళ్లు తడపడం పరీక్షకు నిలిచిన పద్ధతి. దానికి బదులు లేత నారు మీద సుగంధ తైలం పోయడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే లేత కాండం ఈ నూనెలకు చాలా సులువుగా మాడుతుంది. ట్రేలను, కొబ్బరిపొట్టును విత్తనం వేయకముందే వాము నూనె ద్రావణంతో తడిపి, రెండు మూడు రోజులు పాలిథీన్ పట్టా కప్పి, ఆ తర్వాత వాసన పోయేదాకా ఆరబెట్టుకోవడం మాత్రం అర్థవంతమైన వాడకమే.

నేల విషయంలో ఆశ కలిగించే ఫలితం ఒకటి ఉంది. టమాటాలో పచ్చని మొక్క పచ్చగానే వాడిపోయే బ్యాక్టీరియా ఎండుతెగులుకు రాల్స్టోనియా అనే బ్యాక్టీరియా కారణం. దీనికి సరైన మందు ఈనాటికీ లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 2000ల తొలినాళ్లలో జరిగిన ప్రయోగాల్లో నేలను థైమాల్ లేదా పామరోజా అనే సుగంధ గడ్డి నూనెతో తడిపి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, ఓ వారం ఆగి, ఆ తర్వాత టమాటా నారు నాటితే ఎండుతెగులు తగ్గింది. ఇక్కడా నూనెను పట్టి ఉంచినది ఆ షీటే. తెగులు ఉన్న మడిలో షేడ్‌నెట్ కింద కొద్ది గుంటల్లో కూరగాయలు పండించే రైతు దీనిని ప్రయత్నించి చూడవచ్చు. ఎకరాల్లో టమాటా వేసేవారికి నేలనంతా తడిపే నూనె ఖర్చు గిట్టుబాటు కాదు. వారికి వరితో పంటమార్పిడి, తట్టుకునే రకాలు, అంటు నారు ఇవే దారులు. అడవి వంగ వేరుమూలం మీద అంటుకట్టిన టమాటా నారు ఇప్పుడు కొన్ని నర్సరీలలో దొరుకుతోంది. ఎండుతెగులు ఉన్న నేలకు సుగంధ తైలం కంటే అదే మేలైన పెట్టుబడి అని నా నమ్మకం.

పైరు మీద పిచికారీ: ఎక్కడ ఆశ, ఎక్కడ నిరాశ

గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప రైతును ఏటా వేధించే కాయకుళ్లును చూద్దాం. పండుతున్న కాయ మీద గుంటపడిన మచ్చ, దాని మధ్య వలయాలుగా నల్లని చుక్కలు, ఆరబెట్టాక తాలు కాయగా తెల్లబారిపోవడం దీని లక్షణాలు. కొలెటోట్రైకమ్ జాతి శిలీంధ్రాలు దీనికి కారణం. ప్రయోగశాలలో ఈ శిలీంధ్రాలను వాము, లవంగం, దాల్చినచెక్క, నిమ్మగడ్డి నూనెలు నాలుగూ ఆపగలవు. కానీ పొలంలో మంచు పడే రోజుల్లో ప్రతి రాత్రీ కొత్త బీజాలు కాయ మీద మొలకెత్తుతాయి. లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ వాన పడకపోతే పది రోజులకు పైగా కాయ మీద నిలుస్తుంది. లీటరుకు అర మిల్లీలీటరు డైఫెనోకొనజోల్ కొంతవరకు కణజాలంలోకి ఇంకుతుంది. సుగంధ తైలం రెండో రోజుకే చాలావరకు పోతుంది. కాబట్టి దాదాపు ప్రతి ఐదు రోజులకూ పిచికారీ చేయాలి.

ఖర్చును ధరతో కాకుండా ముడిసరుకుతో లెక్కేస్తే విషయం ఇంకా స్పష్టపడుతుంది. ఎదిగిన మిరపకు ఎకరానికి 200 లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు ఒక మిల్లీలీటరు చొప్పున ఒక్కసారికి 200 మిల్లీలీటర్ల నూనె కావాలి. నిమ్మగడ్డిలో నూనె పచ్చిగడ్డి బరువులో సుమారు అర శాతం. అంటే ఒక ఎకరం ఒక్క పిచికారీకి 35 కిలోలకు పైగా పచ్చిగడ్డిని బట్టీలో పెట్టి నూనె తీయాలి. వాము గింజలో నూనె 2 నుంచి 4 శాతం. అంటే ఒక్కసారికి ఐదారు కిలోల వాము కావాలి, అదీ గింజ మంచిదైతే. నెలకు ఐదారు పిచికారీలతో దీనిని గుణించి చూసుకోండి.

అయినా పైరు మీద వాడకం మొత్తంగా వృథా అని అనను. ఆకు పైభాగానే పెరిగే తెగుళ్ల మీద ఫలితం బాగుంటుంది. దోస, బెండ, గుమ్మడి, ద్రాక్షలలో వచ్చే బూడిద తెగులు శిలీంధ్రం ఆకు పైనే పాకుతుంది. నూనె దానిని నేరుగా తాకగలదు. మిరపలో బూడిద తెగులు అలా కాదు. అక్కడ లెవెల్యులా అనే వేరే శిలీంధ్రం ఆకు లోపలే పెరిగి, అడుగుభాగం నుంచి తెల్లని పొడిగా బయటికి వస్తుంది. పేరు ఒక్కటే అయినా దోసలో పనిచేసిన నూనె మిరపలో విఫలమవడానికి కారణం ఇదే. ఈ తేడా చెప్పకుండా బూడిద తెగులుకు ఫలానా నూనె అని సలహా ఇవ్వడం రైతుకు అన్యాయం చేయడమే.

విదేశాల్లో వాడుతున్న సుగంధ తైల మందులు కూడా ఇదే చెబుతున్నాయి. ఇజ్రాయెల్‌కు చెందిన సంస్థ తయారుచేసే టైమోరెక్స్ గోల్డ్‌లో టీ ట్రీ నూనె ఉంటుంది. దానిని అరటిలో సిగటోకా ఆకుమచ్చకు, పలు పంటల్లో బూడిద తెగులుకు వాడతారు. యూరప్‌లో యూజినాల్, జెరానియాల్, థైమాల్ మూడింటికీ 2013లో పంట రక్షణ పదార్థాలుగా అనుమతి లభించింది. వాటిని కలిపి తయారుచేసిన మెవలోన్ అనే మందును ద్రాక్షలో బోట్రైటిస్ కాయకుళ్లుకు వాడతారు. ఆ మందులో నూనెను ఈస్ట్ కణాల ఖాళీ గోడల్లో నింపి ఉంచుతారు; తేమ తగిలినప్పుడు అది నెమ్మదిగా బయటికి వస్తుంది. ఆకు తడిసినప్పుడే తెగులు బీజం కూడా మొలకెత్తుతుంది కాబట్టి అదనుకు మందు అందుతుంది. నూనె ఆవిరైపోయే సమస్యకు ఇది తెలివైన పరిష్కారం. ఇలాంటి తయారీతో వచ్చిన ఫలితాలను, సీసాలోని నూనెను సబ్బునీటిలో కలిపి కొట్టడానికి ఆపాదించకూడదు.

మిద్దెతోటల వారి లెక్క వేరు. ఇరవై కుండీలకు లీటరు ద్రావణం చాలు, నూనె ఒక మిల్లీలీటరు మించదు, వారానికి రెండుసార్లు కొట్టడం భారం కాదు, ఇంటి పిల్లలు తినే కాయల మీద రసాయన మందు వద్దన్న కోరికా న్యాయమైనదే. కాకర, బీర, సొర పాదులకు బూడిద తెగులు తొలి మచ్చలు కనిపించినప్పుడు వారికి ఇది మంచి ఎంపిక. ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా మీద మాత్రం వద్దు. వాసన కూరలోకి వస్తుంది.

నిల్వలో, పండ్లలో

మామిడి పండాక తొక్క మీద నల్లని మచ్చలుగా వ్యాపించే పక్షికన్ను తెగులు నిజానికి పూత, పిందె దశలోనే కాయలోకి చేరి, తొక్క కింద నిద్రాణంగా ఉండి, పండేటప్పుడు బయటపడుతుంది. తొక్క మీద పూసిన నూనె ఆ లోపలి తెగులును పూర్తిగా చేరదు. సుమారు 52 డిగ్రీల వేడినీటిలో కాయలను పది నిమిషాలు ముంచి తీయడం దీనికి చాలాకాలంగా ఉన్న పద్ధతి. వేడి తొక్క కిందకు చేరుతుంది, మిగులు అవశేషం ఉండదు, వాసన అంటదు. మామిడికి రెండింటిలో ఏదని అడిగితే వేడినీరే అంటాను. మూసిన పెట్టెలో నూనె ఆవిరి పట్టించడం వల్ల కుళ్లు తగ్గిన ప్రయోగాలున్నా, బంగినపల్లికి లవంగపు వాసన అంటితే కొనేవారుండరు.

ఎండుమిరప, వేరుశనగలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం వల్ల అఫ్లటాక్సిన్ విషం ఏర్పడుతుంది. యూరప్ దేశాలు మిరప వంటి సుగంధ ద్రవ్యాలలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 మైక్రోగ్రాములు మించకూడదని హద్దు పెట్టాయి. లవంగం, వాము, దాల్చినచెక్క నూనెలు ఈ శిలీంధ్రం పెరుగుదలనూ, విషం తయారీనీ రెండింటినీ తగ్గించగలవని ప్రయోగాలు చూపాయి. అయితే ఒకసారి ఏర్పడిన విషాన్ని ఈ నూనెలు పోగొట్టవు. కాయ కల్లంలో నేల మీద ఆరి, మంచుకు తడిసి, తేమతోనే టిక్కీలోకి (గోనె బస్తాలోకి) ఎక్కితే ఆ తర్వాత ఏ నూనె చల్లినా ప్రయోజనం ఉండదు. టార్పాలిన్ మీద ఆరబెట్టడం, రాత్రి కప్పడం, మిరపలో తేమను సుమారు 10 శాతానికి, వేరుశనగ కాయలో 8 నుంచి 9 శాతానికి దించడం ముందు జరగాలి. తినే సరుకుకు నూనె నేను సూచించను. మరుసటి ఏటికి దాచుకునే విత్తన కాయల డబ్బాలో, నూనె తడిపిన దూది ఉండను గుడ్డలో చుట్టి మూత కింద వేలాడదీసి ఉంచడం, మొలక పరీక్ష నెగ్గితే, చేయదగిన పని.

ఇక ఏ నూనె

తెగులు శిలీంధ్రాల మీద బలం ప్రకారం చూస్తే ఫినాల్ వర్గపు పదార్థాలున్న నూనెలు ముందుంటాయి. వాము నూనెలో థైమాల్, లవంగ నూనెలో యూజినాల్ ఆ వర్గానివే. దాల్చినచెక్క బెరడు నూనెలోని సిన్నమాల్డిహైడ్ వాటికి దీటుగా నిలుస్తుంది. వాటి తర్వాత సిట్రాల్ ఎక్కువగా ఉన్న నిమ్మగడ్డి నూనె, ఆ తర్వాత జెరానియాల్ ఉన్న పామరోజా, ఇంకా వెనుక సిట్రొనెల్లా వస్తాయి. నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండే సినియోల్‌కు తెగుళ్ల మీద బలం తక్కువ. ఊరూరా దొరుకుతుంది, చౌక అన్న కారణంతో దానిని ఎంచుకోవడం పొరపాటు.

మన ప్రాంతానికి నా మొదటి ఎంపిక వాము నూనె. కర్నూలు ప్రాంతపు నల్లరేగడి భూముల్లో వాము పండుతుంది, నూనెలో థైమాల్ సగం వరకు ఉండగలదు, బ్యాక్టీరియా మీదా పనిచేస్తుంది. పచారీ కొట్లలో, ఆయుర్వేద దుకాణాల్లో వాము పువ్వు పేరుతో దొరికే తెల్లని స్ఫటికాలు దాదాపుగా థైమాలే. కర్పూరం, పుదీనా పువ్వుతో కలిపి అమృతధార చేసేది దానితోనే. దానిని నేరుగా నీటిలో వేస్తే సరిగా కరగదు, అడుగున పలుకులుగా మిగిలి, పిచికారీలో కొన్ని ఆకులను మాడ్చి కొన్నింటిని వదిలేస్తుంది. లవంగ నూనె బలంలో వాముకు తీసిపోదు, కానీ ఆకును మాడ్చే గుణం ఎక్కువ; అందుకే దానిని విత్తనానికి, ట్రేల శుద్ధికి పరిమితం చేయడం మంచిది. ఆకు మీద కొట్టాలనుకుంటే నిమ్మగడ్డి నూనె కాస్త మెత్తనిది. దాని సాగు, బట్టీ పద్ధతుల మీద హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రంలో సమాచారం దొరుకుతుంది. సొంతంగా గడ్డి, బట్టీ ఉన్న రైతు సంఘాలకు నూనె ఖర్చు లెక్క మారిపోతుంది. దాల్చినచెక్క విషయంలో బెరడు నూనె, ఆకు నూనె వేరని గుర్తుంచుకోవాలి. ఆకు నూనెలో ఎక్కువగా ఉండేది యూజినాల్, అంటే గుణంలో అది లవంగ నూనెకు దగ్గర.

కలపడం, పరీక్షించడం, కొనడం

నూనె నీటిలో కలవదు. సరిగా కలపకపోతే ట్యాంకు పైన తేలి, చివరి మొక్కల మీద చిక్కగా పడి మాడుస్తుంది. ఒక మగ్గులో నూనె, దానికి సమానంగా ట్వీన్ 80 వంటి ఎమల్సిఫయర్ (నూనెను నీటిలో కలిపే పదార్థం) తీసుకుని బాగా కలియదిప్పుతూ, కొద్దికొద్దిగా నీరు పోస్తే పాలలా తెల్లబడాలి. పైన రంగులు తేలే జిడ్డు పొర కనిపిస్తే అది కలవనట్లే. సబ్బు పొడి, కుంకుడు రసం కూడా వాడవచ్చు గానీ, ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటిలో సబ్బు విరిగిపోయి నూనె విడిపోతుంది. కలిపిన ద్రావణాన్ని నిల్వ ఉంచకుండా వెంటనే వాడాలి. ఇరవై లీటర్ల పంపుకు 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, చేను మూలన పది మొక్కల మీద సాయంత్రం కొట్టి, మూడో రోజు ఆకు అంచులు, లేత చిగుళ్లు చూసి, మాడకపోతేనే 20 మిల్లీలీటర్ల దాకా పెంచవచ్చు. గంధకం కొట్టిన పైరు మీద రెండు వారాల వరకు ఏ నూనే కొట్టకూడదు. సాయంత్రం పూట కొడితే ఆవిరయ్యేది తగ్గుతుంది, తేనెటీగలకూ హాని తగ్గుతుంది. చిక్కని నూనె చర్మాన్ని, కళ్లను మండిస్తుంది కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి.

తెగులు అప్పటికే చేనంతా పాకి ఉంటే నూనె ఆలోచన వదిలి, సిఫారసు చేసిన మందుకు వెళ్లడమే సరైన నిర్ణయం. ఆలస్యమైన వారం రోజుల్లో కాయకుళ్లు చేసే నష్టాన్ని తర్వాత ఏదీ పూడ్చదు.

కొనేటప్పుడు అత్తరు, అగరబత్తి అవసరాలకు అమ్మే నూనెలను పంటకు తీసుకోవద్దు. వాటిలో వాసన లేని పలుచని ద్రావకాలు కలిపి ఉండవచ్చు. కాగితం పరీక్ష వంటనూనె కలిపిన కల్తీని మాత్రమే పట్టిస్తుంది. అసలైన లవంగ నూనె నీటికన్నా బరువైనది, గ్లాసు నీటిలో వేసిన చుక్క అడుగుకు దిగుతుంది. నిమ్మగడ్డి నూనె తేలుతుంది. ఎక్కువ మొత్తంలో కొనేవారు గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక అడగాలి. వాము నూనెకు థైమాల్ శాతం, లవంగ నూనెకు యూజినాల్ శాతం, నిమ్మగడ్డికి సిట్రాల్ శాతం అందులో ఉంటాయి. సీసా ముదురు రంగు గాజుదో, అల్యూమినియందో అయి ఉండాలి. కొన్ని ప్లాస్టిక్‌లను ఈ నూనెలు తినేస్తాయి.

అమెరికాలో లవంగ, దాల్చినచెక్క, నిమ్మగడ్డి వంటి నూనెలను 1996లో కనీస ప్రమాదం గల పదార్థాలుగా గుర్తించి నమోదు నుంచి మినహాయించారు. దానిని ఇక్కడ కొందరు ప్రభావానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు. ఆ మినహాయింపు మనుషులకు, పరిసరాలకు ప్రమాదం తక్కువన్న దానికే చెందుతుంది, తెగులును అదుపు చేస్తుందన్న హామీ అందులో లేదు. మన దేశంలో తెగులు మందుగా అమ్మే డబ్బా మీద 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద పొందిన నమోదు సంఖ్య, ఏ పంటకు ఏ తెగులుకు అన్న వివరం, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. సర్వ తెగుళ్ల నివారిణి అని మాత్రమే రాసి, పదార్థం పేరు, శాతం రాయని డబ్బాను వెనక్కి ఇచ్చేయండి. సేంద్రియ ధ్రువీకరణ ఉన్న రైతులు వాడకముందే తమ ధ్రువీకరణ సంస్థ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ కాగితాన్ని కొనుగోలు బిల్లుతో కలిపి దాచుకోవాలి.